అరగంటకు ఐదు రూపాయలు

ముందు కలరా ఉండల వాసన వచ్చింది. వెనకాలే సోల్డరింగ్ పేస్టు వాసన. చిన్నాయన సంవత్సరీకం అయిపోయి చుట్టాలంతా వెళ్లాక చిన్నమ్మ సజ్జ మీది ఇనుప పెట్టె దింపించింది. "ఇంటికి సున్నం ఏపిస్తున్న. నీకు పనికొచ్చేటివి ఏమన్న ఉంటే తీస్కపో బిడ్డా. మిగిలినవి పాత సామాన్లాయనకు ఏస్త" అంది. మూత లేపితే ఆ రెండు వాసనలూ కలిసి ముఖానికి కొట్టాయి. కలరా ఉండలు ఎవరింట్లోనైనా ఉంటాయి. ఆ పేస్టు వాసన మాత్రం నాకు ఒక్క చోటిదే. నల్లగొండలో ప్రకాశం బజార్‌కు దగ్గరలో, ఒక గల్లీలో, సగం లేపిన షట్టర్ కింద వంగి లోపలికి దూరితే వచ్చే వాసన అది.

పెట్టెలో పైన ఎర్ర అట్టల ఖాతా పుస్తకాలు ఉన్నాయి. వాటి కింద ఇనుప తీగకు గుచ్చిన బిల్లుల గుత్తి, రబ్బరు బ్యాండ్లు కరిగి అతుక్కుపోయిన స్కూలు నోటుబుక్కులు, పసుపు రంగు గేమ్ క్యాసెట్లు, వైరు తెగిన రిమోట్లు, సీడీల కట్ట, కొన్ని కంప్యూటర్ పత్రికలు. అడుగున పరిచిన న్యూస్‌పేపరు. నా చెయ్యి ముందు క్యాసెట్ల మీదికే పోయింది. ఎవరి చెయ్యైనా అక్కడికే పోతుంది.

* * *

అది మొదట రేడియో, టీవీ రిపేరు షాపు. రిపేరుకు ఇచ్చి మళ్లీ తీసుకుపోవడానికి రాని బ్లాక్ అండ్ వైట్ టీవీలు అక్కడ ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. ఊళ్లో కేబుల్ పడి, కలర్ టీవీల మోజు మొదలైన రోజులు. పాతదానికి పైసలు పెట్టడం దండగని వదిలేసేవాళ్లు. ఆ వదిలేసిన టీవీలతోనే చిన్నాయన కొత్త వ్యాపారం మొదలైంది. హైదరాబాద్ పోయి ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. ఒక టీవీకి తగిలించి ముందు బెంచీ వేశాడు. సాయంత్రానికి గల్లీలో పిల్లలంతా షట్టర్ దగ్గరే ఉన్నారు.

ఆ పెట్టెలు అప్పట్లో మీడియా, సమురాయ్, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లతో దొరికేవి. పేరు ఏదైనా లోపలి సరుకు ఒకటే. నింటెండో కంపెనీ 1983 జూలైలో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు. ఆ పేరు మాలో ఎవరూ వినలేదు. జపాన్ పిల్లలు ఆడేసిన ఎన్నో ఏళ్లకు అది మారుపేరుతో మా గల్లీకి వచ్చింది. మాకు అదే సరికొత్తది.

టీవీకి కలపడం ఒక తతంగం. యాంటెన్నా వైరు తీసేసి గేమ్ వైరు గుచ్చాలి. తెర నిండా చీమలు పాకుతుంటే బొమ్మ చిక్కే దాకా ఛానల్ నాబ్‌ను నిదానంగా తిప్పాలి. బొమ్మ చిక్కాక కూడా కుదురుగా ఉండదు, పైకి పాకుతూ పోతుంది. అప్పుడు వెనకున్న చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని ఆపాలి. చిన్నాయన చెయ్యి టీవీ వెనక, తల టీవీ ముందు ఉండేది. "ఆగిందా? ఇంక పోతుందా?" అని మమ్మల్ని అడుగుతూ తిప్పేవాడు. మేమంతా ఒకేసారి అరిచేవాళ్లం, ఒక్కొక్కరం ఒక్కో మాట.

నాలుగు టీవీలు అయ్యాక షాపులో చప్పుడు సంగతి చెప్పనక్కరలేదు. మారియో దూకుతుంటే ఒక చప్పుడు, కాంట్రాలో తుపాకుల చప్పుడు, పక్కన సర్కస్ ఆటలో గిర్రున తిరిగే పాట, పైన ఫ్యాన్ కిరకిర, బయట గోలీసోడా బండి. చిన్నాయన ఒక్క టీవీ సౌండు కూడా తగ్గించేవాడు కాదు. "గా చప్పుడే మన బోర్డు" అనేవాడు.

నిజం బోర్డు కూడా ఒకటి ఉండేది. రేకు మీద నీలం పెయింటు, తెల్ల అక్షరాలు. అరగంటకు ఐదు రూపాయలు. ఇద్దరు ఆడితే ఎనిమిది. బాకీ అడగరాదు. గొడవ చేసినవారు బయటకు పంపబడుదురు. చివర ఎర్ర అక్షరాలతో, బడి సమయమున పిల్లలకు ప్రవేశము లేదు. ఆ చివరి లైను ఎవరి కోసం రాయించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బడి సమయంలోనే షాపు నిండుగా ఉండేది.

క్యాసెట్ పెడితే ఆట రాకపోతే దాన్ని తీసి కింద నోటితో ఊదడం అప్పటి ఆచారం. ఊదితే వస్తుందని అందరి నమ్మకం. చిన్నాయనకు అది కనిపిస్తే నెత్తిన మొట్టికాయ పడేది. "ఊదకురా! ఉమ్మి పడితే పిన్నులకు చిలుము పడ్తది. ఊదినందుకు కాదు, తీసి మళ్ల పెట్టినందుకు వస్తది." ఆయన పెన్సిల్ రబ్బరుతో పిన్నులు మెల్లగా రుద్ది, దూదికి స్పిరిట్ అద్ది తుడిచేవాడు. ఆయన చెప్పిందే నిజమని చాలా ఏళ్ల తర్వాత చదివాను. నోటి తేమకు పిన్నులు పాడవుతాయి. తీసి పెట్టినప్పుడు కాళ్లు కొత్తగా ఆనుకుంటాయి కాబట్టి ఆట వస్తుంది.

క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. విప్పి చూస్తే లోపల ఒక చిన్న పలక, దాని మీద గడ్డకట్టిన నల్లని బొట్టు, అంతే. తొమ్మిది వేల ఆటలు కాదు, గట్టిగా లెక్కపెడితే పదో పదిహేనో. అవే ఆటలను ఒక చోట రెండో మెట్టు నుంచి, ఇంకో చోట ఎక్కువ ప్రాణాలతో, వేరే వేరే నంబర్ల కింద పెట్టేవాళ్లు. మా దోస్తు ఒకడు పట్టుబట్టి ఆ లిస్టు చివరిదాకా పోవాలని చూశాడు. వాడి అరగంట నంబర్లు నొక్కడంతోనే అయిపోయింది.

* * *

కరెంటు గురించి చెప్పకుండా ఆ షాపు గురించి చెప్పలేను. ఎండాకాలం కోతలు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. ఆ ఆటలకు మధ్యలో దాచుకునే సౌకర్యం లేదు. ఏడో మెట్టు దాకా చచ్చీచెడీ వచ్చినవాడికి ఫ్యాన్ ఆగిన క్షణంలోనే అంతా పోయేది. తర్వాత గొడవ. "నేను పది నిమిషాలే ఆడిన" అని ఒకడు, "నేను కూసోనేలేదు" అని ఇంకొకడు.

ఆ గొడవలు పడలేకే చిన్నాయన ఖాతా పుస్తకం పెట్టాడు. తేదీ, పేరు, వచ్చిన టైము, పోయిన టైము, ఏ టీవీ, ఏ ఆట, పైసలు, బాకీ. కరెంటు పోతే ఆ గడి మీద అడ్డగీత గీసి పక్కన 'క.పో.' అని రాసి, మిగిలిన నిమిషాలు వేసేవాడు. మర్నాడు వచ్చి ఆ నిమిషాలు ఆడుకోవచ్చు. అందుకని నల్లగొండలో ఏ రోజు ఎంతసేపు కరెంటు పోయిందో కూడా ఆ పుస్తకాల్లో ఉంది. కరెంటు ఆఫీసు దగ్గర ఆ లెక్క ఇప్పుడు ఉందో లేదో మరి.

ఏ ఆట అన్నది ఎందుకు రాశాడంటే, దానికీ కారణం ఉంది. కోఠిలో క్యాసెట్లు అమ్మేవాళ్లు పాతవి తీసుకుని, పైన కొంత వేయించుకుని కొత్తవి ఇచ్చేవాళ్లు. ఏది ఆడుతున్నారో, ఏది మూలకు పడిందో తెలియకుండా మార్చుకుంటే నష్టం. ఆటల పేర్లు ఆయన తనకు తోచినట్టు రాసుకున్నాడు. మారియో అంటే మీసాలోడు. బ్యాటిల్ సిటీ అంటే ట్యాంకులు. కాంట్రా అంటే ఇద్దరు దోస్తులు. డక్ హంట్ అంటే పిట్టలు. 'బండ్లు' అని చాలా చోట్ల ఉంది. అది మోటారుసైకిల్ ఆటనో కారు ఆటనో నాకూ గట్టిగా తెలియదు. పుస్తకాలన్నీ తిరగేస్తే ట్యాంకులే ముందున్నాయి. ఇద్దరు కలిసి ఆడొచ్చు, ఒకడినొకడు తిట్టుకోవచ్చు, ఎనిమిది రూపాయల్లో చెరి నాలుగు పడుతుంది.

* * *

నోటుబుక్కులు మావి, పిల్లలవి. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో, అలాంటి చిట్కాలు రాసుకునేవాళ్లం. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ. ఈ వరుస మా గల్లీకి ఎట్లా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. భివండి నుంచి వేసవి సెలవులకు వచ్చిన పిల్లవాడు తెచ్చాడు. వాళ్ల నాన్న అక్కడ మగ్గాల మీద పని చేసేవాడు. మా వైపు పద్మశాలీలు ఎంతోమంది భివండి, షోలాపూర్, సూరత్ పోయారు కదా. ఆ పిల్లవాడు రిమోటు చేతిలోకి తీసుకుని టకటకా నొక్కి కాంట్రాలో ముప్పై ప్రాణాలు తెచ్చుకుంటే షాపు షాపంతా లేచి నిలబడింది. వాడు ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు తిప్పుకున్నాడు. చివరికి ఒక ఐస్‌ఫ్రూట్‌కు చెప్పాడు.

ఆ వరుస కొనామి అనే జపాన్ గేమ్ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమొటో అనే ఆయనదట. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, తానే పరీక్షించి చూసుకోలేనంత కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నాడు. తీసేయడం మరిచిపోయారు. ఆయన 2020లో చనిపోయాడు. జపాన్‌లో ఒకాయన తన సౌకర్యానికి పెట్టుకున్నది భివండి మగ్గాల మీదుగా నల్లగొండకు వచ్చి ఐస్‌ఫ్రూట్‌కు అమ్ముడుపోయిందన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నా నోటుబుక్కులో ఆ వరుస కింద ఇంకో లైను ఉంది. 'ఎర్ర క్యాసెట్‌లో పడుతుంది, పసుపుదాంట్లో పడదు'. అప్పుడు అది వట్టి జాగ్రత్త కోసం రాసుకున్న మాట.

* * *

చిన్నాయనతో హైదరాబాద్ పోవడమంటే నాకు పండగ. తెల్లారకముందే బస్టాండు. నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డెక్కాక నిద్ర, చౌటుప్పల్ దగ్గర మెలకువ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకలి. కోఠిలో గుజరాతీ గల్లీ ఇరుకులో మనుషులు, తోపుడుబండ్లు, వైర్ల చుట్టలు. ఒక్కో కొట్టులో గోడకు గొలుసుల్లాగా క్యాసెట్లు వేలాడేవి. చిన్నాయన ప్రతి క్యాసెట్‌నూ అక్కడే టీవీకి పెట్టి చూసేవాడు. కొట్టువాళ్లు విసుక్కున్నా వినేవాడు కాదు. ఉర్దూలో బేరం, తెలుగులో సణుగుడు.

బిల్లు అడిగితే చిన్న చీటీ మీద కార్బన్ పెట్టి రాసిచ్చేవాళ్లు. కచ్చా బిల్లు. దానికి ఏ కోర్టులోనూ విలువ లేదు. అయినా చిన్నాయన ఒక్కటి పారేయలేదు. ఇంటికి రాగానే తీగకు గుచ్చేవాడు. 'గేమ్ 1, క్యాసెట్ 3, అడాప్టర్ 2' అని, పక్కన ధర. మధ్యాహ్నం కోఠిలోనే భోజనం, తర్వాత అబిడ్స్‌లో నాకు ఒక పాత పుస్తకం. ఆదివారం అయితేనే అది. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచేది ఆదివారమే కదా.

* * *

తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అన్ని ఊళ్లలోనూ ఒకటే. కంప్యూటర్లు వచ్చాయి. చిన్నాయన టీవీలు తీసేసి రెండు కంప్యూటర్లు వేశాడు. రోడ్ రాష్, ఐజీఐ, తర్వాత వైస్ సిటీ. డిజిట్ పత్రికతో వచ్చే సీడీల కోసం, తెలుగులో కంప్యూటర్ ఎరా కోసం నెలనెలా బస్టాండు బుక్‌స్టాల్ చుట్టూ తిరిగేవాడు. చదివింది తక్కువ, దాచింది ఎక్కువ. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి, షాపు రీచార్జ్ షాపు అయింది. ఆ తర్వాత రీచార్జ్ కూడా ఫోన్లోనే అయిపోయింది. షట్టర్ దించేశాడు. చివరి ఏళ్లలో అరుగు మీద కూచుని పక్కింటి పిల్లల బొమ్మకార్లకు వైర్లు అతికించేవాడు.

* * *

మా ఆఫీసులో ఒకాయన మేనకోడలు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. మన చిన్న ఊళ్లకు వీడియో గేములు ఎట్లా వచ్చాయన్నది ఆమె పని. పెట్టె సంగతి ఆయన చెవిన పడింది, ఆయన ద్వారా ఆమె చెవిన. ఫోన్ చేసింది. నేను క్యాసెట్ల గురించి గొప్పగా చెప్తున్నాను. ఆమె మర్యాదగా విని, "క్యాసెట్లు సరే అన్నా. ఆ ఖాతా పుస్తకాలు పాత సామాన్లకు వేయలేదు కదా?" అంది.

మారియో 1985 నాటిది. ఆ ఆట పోదు. ప్రపంచంలో ఎన్ని కాపీలు ఉన్నాయో లెక్కలేదు. కానీ ఆ ఆటను ఏ ఊళ్లో ఎంత ధరకు ఎవరు ఆడారు, ఏ కొట్టులోంచి వచ్చింది, ఏ పేరుతో వచ్చింది, ఎందుకు ఆపేశారు? ఇది ఏ క్యాసెట్‌లోనూ ఉండదు. బిల్లులో, బోర్డులో, పత్రిక వెనక పేజీ ప్రకటనలో ఉంటుంది. పండక్కి ఇల్లు దులిపినప్పుడు ముందు పోయేవి కూడా అవే.

అన్ని ఆటలూ మారియో అంత అదృష్టవంతులు కావని కూడా ఆమె చెప్పింది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అని ఒకటుంది. 2023లో వాళ్లు చేసిన సర్వేలో, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనుక్కుందామన్నా మార్కెట్లో లేవని తేలింది. లైబ్రరీల్లో దాచిన పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూడనివ్వమని అడిగితే, 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది. ఆటల దారి మూసుకుంటే మిగిలేది కాగితాలే. ఆ ఫౌండేషన్ పాత గేమ్ పత్రికలు, కంపెనీల కాగితాలు స్కాన్ చేసి 2025 జనవరిలో ఎవరైనా చదువుకునేట్టు నెట్‌లో పెట్టింది. అమెరికాలోనే రోచెస్టర్‌లో ద స్ట్రాంగ్ అనే ఆటల మ్యూజియం కూడా ఇలాంటివే కూడబెడుతోంది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా రాసిన జోర్డాన్ మెక్నర్ కథ నాకు భలే నచ్చింది. 1989 నాటి ఆట అది. దాని అసలు కోడ్ ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. 2012లో వాళ్ల నాన్న ఇంట్లో పాత సామాను సర్దుతుంటే డిస్కుల పెట్టె దొరికింది. తెలిసినవాళ్లు వచ్చి, ఆ కాలపు యంత్రాలతో జాగ్రత్తగా చదివి బయటకు తీశారు. అంత పెద్ద ఆట బతికింది కూడా ఒక ముసలాయన ఏదీ పారేయకపోవడం వల్లే. మా చిన్నమ్మకు ఈ కథ చెప్తే, "వాళ్లింట్ల సజ్జ పెద్దగుంటది" అంది.

* * *

ఆ అమ్మాయి ఒక శనివారం వచ్చింది. సంచిలో స్కానర్, నూలు చేతి తొడుగులు, కుంచె, ఖాళీ అట్టపెట్టెలు. వచ్చీరాగానే కాగితాలు ముట్టుకోలేదు. పెట్టెలో ఏది దేని పైన ఉందో ముందు ఫోటోలు తీసింది. ఒక బిల్లు ఏ పుస్తకంలో దొరికిందో తెలిస్తే ఆ బిల్లు ఏ ఏడుదో తెలుస్తుందట. అందుకని వరుస చెదరగొట్టకూడదు.

తర్వాత మొదటి పని, కలరా ఉండలు ఏరి అవతల పడేయడం. కాగితానికి పురుగు పట్టకుండా వాటిని వేశారు చిన్నాయన. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుందని నాకూ అప్పుడే తెలిసింది. రెండు క్యాసెట్లు ఉండ తగిలిన చోట జిగటగా అయ్యాయి. వేపాకు వేసిన నోటుబుక్కులకు ఏమీ కాలేదు. చెద మాత్రం పెట్టె దాకా రాలేదు. చిన్నాయన దాన్ని సజ్జ మీద కూడా ఎప్పుడూ ఇటుకల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టించేవాడట. ఇంట్లో చెక్క బీరువాలోని నా బడి పుస్తకాలను చెదలు ఎప్పుడో పొడి చేశాయి.

జిరాక్స్ షాపు ఆయన మా ఇంటి పక్కనే. ఆయనకు చిన్నాయన అంటే అభిమానం. "ఖర్చు లేకుండ అన్నిటికి ల్యామినేషన్ చేసిస్త, వందేండ్లు ఉంటయి" అని మిషను మోసుకొచ్చేదాకా పోయాడు. ఆ అమ్మాయి పుస్తకాల మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దన్నా, దండం పెడ్త. ఒకసారి వేడికి ఆ జిగురు కాగితానికి పట్టిందంటే మళ్లీ ఊడి రాదు. లోపలే పాడైపోతది." ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. తర్వాత తుప్పు పట్టిన పిన్నులు తీసే పని ఆయనకే అప్పజెప్పాం. ఆ పనిలో మాకంటే ఆయన చెయ్యే తేలిక.

వింతేమిటంటే, కార్బన్ పెట్టి చేత్తో రాసిన పాత బిల్లులన్నీ చక్కగా చదవడానికి వస్తున్నాయి. తర్వాతి కాలంలో మిషను నుంచి వచ్చిన రీచార్జ్ రసీదులు తెల్లగా పాలిపోయాయి. వేడికి రంగు మారే కాగితం, మా ఊరి ఎండ, ఇంకేం మిగులుతుంది? సీడీలదీ అదే తీరు. పత్రికలతో వచ్చిన అచ్చు సీడీలు దాదాపు అన్నీ తెరుచుకున్నాయి. చిన్నాయన స్వయంగా రాసుకున్న సీడీలు సగం దగ్గర గురగురమని ఆగిపోయాయి. వాటిలో రంగు పొర ఉంటుంది. వెలుతురుకు, వేడికి అది చెడుతుంది. తెరుచుకున్నవాటిని ఫైళ్లుగా విడదీయకుండా సీడీ మొత్తాన్ని ఒకే కాపీగా తీసింది.

పత్రికలు స్కాన్ చేస్తుంటే వ్యాసాల పేజీలు చాలు కదా అన్నాను. ప్రకటనలు ముందు, వ్యాసాలు తర్వాత అంది. అట్ట, వెనక పేజీ, చందా ఫారం, ఎవరో పెన్నుతో రాసిన ఫోన్ నంబరు చోటు కూడా వదల్లేదు. ఫోన్ కెమెరాతో అయితే గంటలో అయిపోయేది. ఆమె మాత్రం ఒక్కో పేజీ స్కానర్ మీద పరిచి, కుదించని ఫైలుగా దాచి, పేరు పెట్టి, ఆ పేరు ఒక కాగితం మీద కూడా రాసింది. పెట్టె అడుగున పరిచిన న్యూస్‌పేపర్‌లో కలర్ టీవీ కొంటే వీడియో గేమ్ ఉచితం అని దీపావళి ప్రకటన ఉంది. ఆ రోజంతటికీ ఆమె ముఖం వెలిగింది అప్పుడే. నా 'ఎర్ర క్యాసెట్‌లో పడుతుంది' లైను కూడా ఆమెకు అంత గొప్పగానే తోచింది. మార్చి అమ్మిన కాంట్రాల్లో ఏది ఎక్కడ దొరికేదో చెప్పేందుకు అలాంటి మాటలు పనికొస్తాయట.

చిక్కు వచ్చింది బాకీల గడి దగ్గర. చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని పేజీలు చూస్తూ ఆగిపోయింది. "గీ పిల్లగాడు ఇప్పుడు వకీలు. గీయన బడిల సారు. వీళ్ల బాకీలు లోకానికి చెప్తరా?" ఆమె అడిగింది న్యాయమే. బడి ఎగ్గొట్టిన టైము కూడా అందులోనే ఉంది మరి. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి అసలు పుస్తకాలు చిన్నమ్మ దగ్గరే ఉండేట్టు, స్కాన్లు మొత్తంగా ఆ అమ్మాయి దగ్గర భద్రంగా ఉండేట్టు, బయటి వాళ్లకు చూపించే కాపీల్లో పేర్లు మూసేసి వయసు, గల్లీ మాత్రమే ఉంచేట్టు తేల్చుకున్నాం. ఆ మాట కాగితం మీద రాయించి చిన్నమ్మ సంతకం తీసుకుంది ఆ అమ్మాయి. చిన్నమ్మ ఆమె సంతకం కూడా తీసుకుంది.

రేకు బోర్డు సంగతి అడిగితే పెరట్లో చూపించింది చిన్నమ్మ. కృష్ణా నీళ్లు పట్టుకునే హౌజుకు అదే మూత. నీలం పెయింటు సగం పోయింది కానీ అరగంటకు ఐదు రూపాయలు అన్నది కనిపిస్తోంది. "ఇది తీస్కపోతే నా హౌజుల ఆకులు పడ్తయి" అంది. కొత్త మూత చేయించి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి దాన్ని కడిగి, ఆరబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి, కొలతలు రాసుకుని, మళ్లీ హౌజు మీదే పెట్టేసింది. తర్వాత రికార్డర్ పెట్టి చిన్నమ్మను కూచోబెట్టింది. చిన్నమ్మ ముందు సిగ్గుపడి, తర్వాత రెండు గంటలు ఆపకుండా చెప్పింది. మధ్యాహ్నం చిన్నాయన భోజనానికి వచ్చినప్పుడు షాపులో కూచున్నది ఆమేనని, ట్యాంకుల ఆటలో చిన్నాయనను ఓడించిందని నాకు కూడా అప్పుడే తెలిసింది.

* * *

పెట్టెలో లేనిది ఒకటే, పిట్టల ఆటలో తెర మీద గురిపెట్టే ప్లాస్టిక్ తుపాకి. స్కూలు దోస్తుల గ్రూపులో అడిగాను. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతున్న ఒకడు వెంటనే ఫోన్ చేశాడు. షాపు ఎత్తేసేటప్పుడు చిన్నాయన వాడికే ఇచ్చాడట. "కాని అది ఖరాబైందిరా. మొన్న పిల్లలకు చూపిద్దామని మా పెద్ద టీవీకి పెట్టిన. ఆట వచ్చింది, పిట్టలు ఎగురుతున్నయి, ఎంత కొట్టినా ఒక్కటి పడ్తలేదు. పారేద్దామనుకుంటున్న."

పారేయొద్దని గట్టిగా చెప్పాను. తుపాకి బాగానే ఉండొచ్చు, చిక్కు టీవీతో. ఆ తుపాకి నుంచి ఏదీ బయటకు రాదు, దాని గొట్టంలో వెలుతురు పసిగట్టే కన్ను ఉంటుంది, అంతే. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయి, పిట్ట ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. ఆ మెరుపు కంటికి పడితే పిట్ట పడ్డట్టు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ మెరుపు ఠక్కున వస్తుంది. ఇప్పటి టీవీలు బొమ్మను కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి, ఆ లోపు ఆట తలుపు మూసేస్తుంది. చిన్నమ్మ దగ్గర పాత టీవీ ఒకటి ఇంకా ఉంది. బియ్యం డ్రమ్ము దాని మీదే పెట్టుకుంది. వచ్చే ఆదివారం డ్రమ్ము దించి చూద్దామన్నాను.

"తెస్త గని ఒక షరతు" అన్నాడు. "ఆ పుస్తకాల నా పేరు మీద ఇరవై రెండు రూపాయల బాకీ ఉంటది. నాకు యాదికుంది. అది కొట్టేయమను మీ చిన్నమ్మను."

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. చిన్నమ్మ బియ్యం చాటలోంచి తల ఎత్తలేదు.

"ముందు తుపాకి తెమ్మను. ఇరవై రెండు కాదు, ఇరవై ఏడు."